నోటికి మిగిలిన ఐదు వచనాలు

ఈ కాస్త రాయడానికి నాకు ఐదు నెలలు పట్టింది. కుడిచెయ్యి ఇంకా పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు కనుక ఎడమచేత్తో రాస్తున్నాను. రోజుకు నాలుగు వాక్యాలు వస్తే ఎక్కువ. తెలిసిన మాటే నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోతుంది. దాని కోసం పొద్దంతా కాచుకుని కూర్చుంటాను. సాయంత్రం మా ఆయన ఏసేపు బస్సు డిపోలో పని ముగించుకుని వచ్చాక చూపిస్తే, తప్పిపోయిన ఒత్తులూ దీర్ఘాలూ దిద్దుతాడు.

పక్షవాతంతో మాట పోయిన మనిషి ఉన్న ఇళ్ళు మన చుట్టూ చాలా ఉన్నాయి. ఆ మనిషి లోపల ఏముందో ఇంట్లోవాళ్ళకు తెలియదు, చెప్పడానికి ఆ మనిషికి నోరు లేదు. నాకు కొంత తిరిగి వచ్చింది కనుక వాళ్ళ తరఫున చెబుతున్నాను. ఇంకో కారణం మా అక్క. ఆమె సంగతి చెప్పకుండా నా జబ్బు సంగతి చెప్పలేను.

నా పేరు కరుణమ్మ. ఆదోనిలో చిన్నపిల్లల బడిలో ఇరవై రెండేళ్ళు టీచరుగా పనిచేశాను. ఆదివారం మా చర్చిలో సండేస్కూలు నడిపేదాన్ని. మాకు పిల్లలు లేరు. మా అక్క రూతమ్మ నాకంటే పన్నెండేళ్ళు పెద్దది, ఎమ్మిగనూరులో బట్టలు కుడుతుంది. అమ్మ తొందరగా పోతే నన్ను పెంచింది అక్కే. మా బావ పోయి చాలా ఏళ్ళయింది. అక్కకు ఒక్కడే కొడుకు, జోయెలు. డిగ్రీ చదవడానికి ఆదోని వచ్చి రెండేళ్ళు మా ఇంట్లోనే ఉన్నాడు. మా ముందు గది వాడిది. సండేస్కూలు పిల్లలకు పాటలు నేర్పేవాడు. నేను కనలేదన్న మాటే గానీ, ఆ రెండేళ్ళూ నేను తల్లినే.

నా జబ్బుకు మూడేళ్ళ ముందు, వానాకాలంలో, వాడికి జ్వరం వచ్చింది. మూడు రోజులు. మూడో రోజు కర్నూలు ఆసుపత్రి నుంచి నేరుగా ఎమ్మిగనూరుకు తీసుకొచ్చాం. పందొమ్మిదేళ్ళు.

ఆ రోజు నేను చేసిన పని రాయాలి. సండేస్కూలు పిల్లలు ఆదోని నుంచి వచ్చారు. వాళ్ళను శవపెట్టె పక్కన వరసగా నిలబెట్టి, నూట మూడో కీర్తన మొదటి ఐదు వచనాలు చెప్పించాను. తన ప్రాణాన్ని తానే పిలిచి దేవుణ్ణి స్తుతించమని చెప్పుకునే కీర్తన అది. ఆ ఐదు వచనాల్లోనే ఆయన జబ్బులన్నీ బాగుచేస్తాడనీ, యౌవనాన్ని కొత్తది చేస్తాడనీ ఉంది. జ్వరంతో పోయిన పిల్లవాడి పెట్టె ముందు ఆ మాటలు చెప్పించాను. అక్క తలెత్తి, "ఈడ వద్దు కరుణా, ఆపు," అంది. నేను ఆపలేదు. పిల్లలు ముగించాక అక్క దగ్గర కూర్చుని, నలుగురూ వినేట్టుగానే, "ఇంతగా ఏడ్చేది అవిశ్వాసమక్కా, స్తుతించు," అన్నాను. నేను ఒక్క చుక్క ఏడవలేదు. ఏడవనందుకు చాలామంది నన్ను మెచ్చుకున్నారు కూడా.

ఆ తర్వాత అక్క చర్చికి పోలేదు. మా ఇంటి గడప తొక్కలేదు. ఫోను చేస్తే బాగుండాను అని పెట్టేసేది. స్త్రీల ప్రార్థన కూటంలో నేను అక్క పేరు చెప్పి, ఆమె విశ్వాసం బలపడాలని ప్రార్థన చేయించేదాన్ని.

జబ్బు ఫిబ్రవరి చివర వచ్చింది. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాలు మొదలైన వారం. సండేస్కూల్లో పిల్లల పేర్లు పిలుస్తున్నాను. ఒక పిల్లను చూసి పేరు పిలిస్తే అది పేరు కాదు, ఏదో శబ్దం. పిల్లలు నవ్వారు. నేను ఆట పట్టిస్తున్నానని అనుకున్నారు. నేనూ నవ్వి మళ్ళీ పిలిచాను. మళ్ళీ అదే. చాక్‌పీసు జారిపోయింది. వంగి తీసుకుందామంటే కుడికాలు నాది కాదు. కింద పడ్డాక కూడా వెనక వరసలో ఇద్దరు నవ్వుతూనే ఉండటం నాకు వినబడింది. వాళ్ళ తప్పేమీ లేదు.

ఆదోని నుంచి కర్నూలు తీసుకుపోయారు. మంచం మీద ఎన్నో రోజో తెలియదు, డాక్టరమ్మ నా మీదికి వంగి పేరేమిటని అడిగింది. నాకు పేరు తెలుసు. నోరు తెరిచాను. బయటికి వచ్చింది నూట మూడో కీర్తన. ఒక్క అక్షరం తప్పు లేకుండా ఐదు వచనాలు వచ్చి, ఆగిపోయింది. పిల్లలకు నేర్పేది అంతవరకే. నీళ్ళు కావాలా అని అడిగితే అదే. ఏసేపును చూసి పేరు పిలవబోతే అదే.

ఏసేపు నా కాళ్ళ దగ్గర కూర్చుని సంతోషంతో ఏడ్చాడు. డాక్టరమ్మ మాత్రం నెమ్మదిగా చెప్పింది, బాగా అలవాటైపోయిన పాటలూ ప్రార్థనలూ మెదడులో వేరే చోట ఉంటాయట, మాట పోయినా అవి మిగులుతాయట, అది మాట్లాడటం కాదట. ఆ మాట ఏసేపుకు ఎక్కలేదు. నాకు ఎక్కింది. నోరు తెరిస్తే వచ్చేది నా మాట కాదని తెలిసి, ఇంక ఆ నోటితో ఏం చెయ్యాలో తెలియక, గోడకు తిరిగి పడుకున్నాను.

మాట నేర్పే గది ముందు వరండాలో బెంచీలు ఉండేవి. వంతు కోసం అక్కడ గంటల తరబడి కూర్చోవాలి. ఒక ముస్లిం ఆవిడ రోజూ భర్తను తెచ్చేది. ఆయనకు అచ్ఛా అన్న ఒక్క మాటే మిగిలింది. ఆకలిగా ఉందా అన్నా అచ్ఛా, నొప్పిగా ఉందా అన్నా అచ్ఛా. ఒకరోజు నా మూతి పక్కనుంచి చొంగ కారుతుంటే ఆమె తన కొంగుతో తుడిచింది. అప్పుడు నేను చెయ్యెత్తి మొక్కబోయి, అలవాటుగా కీర్తన అందుకున్నాను. ఆమె అంతా విని, ఏసేపుతో అంది, "ఈయమ్మ నోట్లో ఒకటుంది అన్నా, కండ్లల్లో ఇంకోటుంది. మా ఆయనదీ అంతే." ఆమె పేరు అడగడానికి నాకు నోరు లేదు. ఏసేపు అడగలేదు.

మార్చిలో ఇంటికి వచ్చాం. ఏసేపు సెలవులు అయిపోతున్నాయి. నన్ను లేపాలి, కడగాలి, తినిపించాలి. ఆయన ఎవరినీ పిలవలేదు, ఎట్లా తెలిసిందో అక్క వచ్చింది. ఒక సంచి చేత పట్టుకుని మా వాకిట్లో కాసేపు నిలబడింది. మూడేళ్ళ తర్వాత ఆ గడప. ముందు గది తలుపు వేసి ఉంది. ఏసేపు హాల్లో పక్క వేస్తానన్నాడు. అక్క ఒప్పుకోలేదు. తనే తలుపు తీసుకుని లోపలికి పోయింది. ఆ గదిలో, కొడుకు పడుకున్న మంచం మీదే ఆరు నెలలు పడుకుంది.

మొదటి పొద్దున అక్క నా మొహం కడుగుతుంటే ఆమెకు ఒక్క మాట చెప్పాలనిపించింది. తప్పు చేశానని. లోపల ఆ మాట ఎంత స్పష్టంగా ఉందో చెప్పలేను. నోరు తెరిచాను. మొదటి వచనం వచ్చింది. ఆపాలని చూశాను, ఆగలేదు, రెండోది వచ్చింది. అక్క చేతిలో తడిగుడ్డ అట్లాగే ఉంది. జబ్బుల వచనం దగ్గరికి వచ్చేసరికి గుడ్డ బకెట్లో వేసి పెరట్లోకి పోయింది. చాలాసేపటికి తిరిగి వచ్చి, మిగిలిన సగం మొహం కడిగింది.

రోజూ ఇదే అయింది. నేను చెప్పాలని ఎంత గట్టిగా అనుకుంటే కీర్తన అంత గట్టిగా వచ్చేది. అక్క లేచిపోయేది. ఒకనాడు ఏసేపు ఉండబట్టలేక, దేవుని వాక్యం చెబితే లేచి పోతావేమి వదినా అని నిష్ఠూరంగా అన్నాడు. అక్క కంచం ముందుకు లాక్కుంది. అన్నం కలుపుతూ, "దేవుని మాటకు పోలేదు ఏసేపూ. కరుణ మాటకు పోతాండాను," అంది.

అప్పటి నుంచి నేను నోరు తెరవడం మానేశాను. కీర్తన పైకి తన్నుకొస్తుంటే పెదవులు పళ్ళతో బిగించుకునేదాన్ని. మాట్లాడించండి, ఎంత మాట్లాడిస్తే అంత మంచిదని కర్నూలులో చెప్పి పంపారు. నేను మాట్లాడకపోయేసరికి ఏసేపు భయపడ్డాడు. ఇంకోసారి వచ్చిందేమోనని మళ్ళీ కర్నూలు తీసుకుపోయాడు. ఏమీ లేదన్నారు. తిరిగి వచ్చే బస్సులో ఆయన నా పక్కన కూర్చుని మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. భుజాలు కదలడం చూశాను. ఆయన భుజం మీద చెయ్యి వేద్దామంటే, ఆయన వైపున్న చెయ్యి లేవనిది.

మే నెలలో ఒక ఆదివారం నన్ను చర్చికి తీసుకుపోయారు. మా చర్చి పాస్టరు అయ్యగారు మంచివాడు. నేను కర్నూలులో ఉన్నప్పుడు మూడుసార్లు వచ్చాడు. మాట పోయినా వాక్యం పోలేదన్న సంగతి ఆయనకు పెద్ద సాక్ష్యంగా తోచింది. నన్ను ముందు కుర్చీలో కూర్చోబెట్టి మైకు పెట్టారు. అక్క నన్ను ఆటోలో తెచ్చి, తను లోపలికి రాకుండా గేటు దగ్గరే నిలబడింది. ఎండ మండుతోంది. అయ్యగారు చెప్పమ్మా అన్నాడు. అంతమంది ముందు కాదనడానికి కూడా మాట కావాలి. చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. వెనకవాళ్ళకు వినబడలేదట, ఇంకోసారి అన్నారు.

అప్పుడు నాకు ఒంటికి పోవాల్సి వచ్చింది. చెప్పడానికి నోరు తెరిస్తే కీర్తనే వచ్చింది, అడగగానే చెబుతోందని వాళ్ళు ఇంకా సంతోషించారు. నేను తల తిప్పి వాకిలి వైపు చూశాను. మూడో వచనం దగ్గర చీర తడిసింది. ఎవరూ చూడలేదు, లేదా చూసి ఏం చెయ్యాలో తెలియక కూర్చున్నారు. అక్క గేటు దగ్గర నుంచి చూసింది. జోయెలు పోయాక ఆమె చర్చిలో అడుగు పెట్టింది అదే మొదలు. నడిమధ్య నుంచి నడిచి వచ్చింది, తన భుజం మీది తువ్వాలు నా నడుముకు చుట్టింది. మైకు పక్కకు జరిపి, "ఇంక సాలు అయ్యగారూ. నా సెల్లెల్ని ఇంటికి తీసుకుపోతాండాను," అంది.

ఇంట్లో నాకు స్నానం చేయించింది. నేను పెదవులు బిగించుకునే ఉన్నాను, నెత్తురు వచ్చేదాకా. అక్క ఆ నెత్తురు కూడా కడిగింది.

తర్వాతి వారం అయ్యగారు ఒక్కడే వచ్చాడు. బైబిలు తెరవలేదు. చాలాసేపు కూర్చుని, తప్పయిందమ్మా అని చెప్పి పోయాడు. ఆ మాట ఆయన నోటికి అంత సులువుగా రావడం చూసి ఈర్ష్య పడ్డాను.

జూన్‌లో బడులు తెరిచాక పద్మావతి టీచరు రావడం మొదలుపెట్టింది. మేమిద్దరం ఒకే బడిలో పన్నెండేళ్ళు పనిచేశాం. వాళ్ళాయనవాళ్ళది మంత్రాలయం దగ్గర గుడి సేవలో ఉన్న కుటుంబం. శనివారాలు బడి వదిలాక మా ఇంటికి వచ్చి, ఒకటో తరగతి తెలుగు పుస్తకం నా ఒళ్ళో పెట్టేది. ఇరవై రెండేళ్ళు నేను చెప్పిన పుస్తకం. అఆల తేడా తెలియలేదు. ఆమె నవ్వలేదు, జాలిపడలేదు. బడిలో మొద్దుపిల్లలతో ఎంత ఓర్పుగా ఉండేదో నాతోనూ అంతే. రెండు నెలలకు చిన్న మాటలు చదవడం వచ్చింది, లోపల్లోపల. నోరు మాత్రం తెరవను.

ఆమె నాకు తెలిసిన పుస్తకమైతే బాగుంటుందని బైబిల్లో కీర్తనలు తెరిచింది. మొదట అంతా బాగానే కనబడింది. వేలు పెట్టి చూపిస్తే నేను ముందుకు పోయేదాన్ని. ఆమె టీచరు, పట్టేసింది. ఒకసారి వేలు కావాలనే వేరే వరస మీద పెట్టింది. నేను మాత్రం కంఠస్థం వచ్చిందాన్నే పెదవులు కదుపుతూ పోయాను. "మీరు సదవడం లేదు కరుణమ్మా, ఒప్పజెప్తాండారు. మీకు రానిది కావాలి," అంది.

నాకు రాని కీర్తన కోసం ఆమె పేజీలు తిప్పింది. ఒక్కోటి రెండు వరసలు చదివి నా మొహం చూసేది. తెలుసని తల ఊపితే తిప్పేసేది. అట్లా తిప్పుతూ తిప్పుతూ ఆగి అంది, "ఇన్ని ఏడుపులున్నాయే దీంట్లో. ఇవి ఒక్కటీ మీకు రావే." తప్పు పట్టడానికి అన్న మాట కాదు, ఆశ్చర్యంగా అంది. నేను తల దించుకున్నాను. ఏటేటా బైబిలు మొదటి నుంచి చివరిదాకా చదివినదాన్ని. చావు జరిగిన ఇంటి ముందు వడివడిగా నడిచిపోయినట్టు వాటిని దాటిపోయి ఉంటాను.

ఆమె ఎనభై ఎనిమిదో కీర్తన దగ్గర ఆగింది. అది నాకు అస్సలు రాదు. ఒక మనిషి పగలూ రాత్రీ మొరపెడతాడు. ప్రాణమంతా కష్టంతో నిండిపోయిందంటాడు. ఇష్టమైనవాళ్ళను నువ్వే నాకు దూరం చేశావని దేవుణ్ణే నిలదీస్తాడు. మిగతా ఏడుపు కీర్తనలు చివరికి ఎక్కడో ఒకచోట స్తుతి వైపు తిరుగుతాయి. ఇది తిరగదు. చివరికి చీకటి ఒక్కటే చుట్టంగా మిగిలిందని చెప్పి ఆగిపోతుంది. దేవుడు బదులు చెప్పినట్టు అందులో ఎక్కడా లేదు.

ఒక్కో వచనానికి వారం పట్టింది. ఇష్టమైనవాళ్ళు దూరమయ్యారన్న మాట కూడబలుక్కుని, దాని అర్థం తలకెక్కేసరికి నాకు జోయెలు కనబడ్డాడు. పెట్టెలో కాదు. మా ముందు గది గడప మీద కూర్చుని చెప్పుల పట్టీ బిగించుకుంటూ. ఏడుపు వచ్చింది. నోరు తెరుచుకుంది, ఆ నోట్లోంచి కీర్తన రాలేదు, ఉత్త ఏడుపు. మూడేళ్ళ ఏడుపు. పద్మావతి టీచరు తప్పు పాఠం ఎత్తుకున్నానేమోనని పుస్తకం మూసింది. నేను ఎడమచేత్తో మళ్ళీ తెరిచాను.

అప్పటికే అక్క ఎమ్మిగనూరు వెళ్ళిపోయింది. సెప్టెంబరులో నేను కర్ర పట్టుకుని బాత్రూం దాకా నడవగలిగిన రోజు, ఇంక నాతో పనిలేదులే అని సంచి సర్దుకుంది. దసరా బట్టలు కుట్టాలంది. నేను గుమ్మం దాకా నడిచి నిలబడ్డాను. ఏం చెబుదామన్నా భయమే. ఏమీ చెప్పకుండానే పంపాను. ఆటో ఎక్కాక ఆమె ఒకసారి వెనక్కి చూసింది. ఆరు నెలల చాకిరీకి నా నుంచి ఆమెకు దక్కింది మూసిన నోరు.

డిసెంబరులో, క్రిస్మస్‌కు ముందు, ఏసేపుకు సైగ చేసి చెప్పాను, ఎమ్మిగనూరు పోదామని. సంచిలో బైబిలు పెట్టుకున్నాను. అక్క కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. లేచి కుర్చీ వేసింది, మంచినీళ్ళు ఇచ్చింది. ఏసేపుతో ఆరోగ్యం సంగతులు మాట్లాడింది. నేను బైబిలు బయటికి తియ్యగానే ఆమె మొహం మారింది. మళ్ళీ మిషను వైపు తిరిగి గుడ్డ అందుకుంది. ఏసేపు ఏదో పని ఉన్నట్టు బయటికి పోయాడు.

నేను వేలు పెట్టి మొదలుపెట్టాను. ఒక మాట, ఆగడం, ఇంకో మాట. కొన్ని వంకరగా వచ్చాయి, కొన్ని సగమే వచ్చాయి. నాలుగో మాటకో ఐదో మాటకో మిషను చప్పుడు ఆగింది. అక్క నా వైపు తిరగలేదు. గోడ వైపు చూస్తూనే విన్నది. బడిపిల్ల నిమిషంలో చదివే కీర్తనకు నాకు ఎంతసేపు పట్టిందో. చివరి మాట చదివి ఆగాను.

అక్క కాసేపు చూసింది, ఇంకా ఉందేమోనని.

"ఇంతేనా? దీనెనక ఏం లేదా?"

లేదని తల ఊపాను.

"మళ్ళా సదువు," అంది.

మళ్ళీ చదివాను. రెండోసారి ఆమె కుర్చీ నా వైపు తిప్పుకుని, నా నోరు చూస్తూ విన్నది. ముగిశాక, ఇన్ని నెలలూ నోట్లో నలిగిన మాట కోసం వెతికాను. క్షమించు అన్నది రాలేదు. ఇప్పటికీ రాదు. "తప్పు... నా... ది," అన్నాను.

అక్క కాదనలేదు. "తప్పే," అంది. "ఆ పొద్దు నీ నోరు నొక్కాలనిపించింది నాకు." తల దించుకుని చెప్పింది. "నీకు మాట పోయిందని తెలిసిన పొద్దు సంతోషపడినా కరుణా. దేవుడే నొక్కినాడనుకున్నా. ఒక్క పొద్దే. తెల్లారి లేసి సంచి సర్దుకున్నా."

నేను ఎడమచేత్తో ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఇద్దరం ఏడ్చాం. ఆమె నన్ను క్షమించానని అనలేదు, నేనూ ఆమెను అనలేదు. ఇప్పటికీ ఆమె చర్చికి రాదు. రమ్మని నేను అడగను. ప్రార్థన కూటంలో ఆమె పేరు చెప్పవద్దని ఏసేపు చేత చెప్పించాను.

ఏడుపు కాస్త తగ్గాక అక్క, నా ముందు ఎప్పుడూ ఎత్తని సంగతి ఎత్తింది. మీ ఇంట్లో ఉన్నప్పుడు వాడు పొద్దున్నే ఏం తినేవాడు అని అడిగింది. ఆ రెండేళ్ళూ వాడు నా దగ్గర ఉన్నాడు, ఆమెకు తెలియని రోజులు నా దగ్గర ఉన్నాయి. ఎన్నో చెప్పాలి. అన్నిటికంటే ముందు వాడి పేరు పలకాలి. జో దగ్గరే నాలుక ఆగిపోయింది. ఎంత తోసినా కదలలేదు.

అక్క తన వేళ్ళతో నా గడ్డం పట్టుకుంది.

"జో," అంది.

"జో."

"యె."

"యె."

"లు."

మూడూ కలిపి పలకడానికి చాలాసేపు పట్టింది. ఏసేపు ఆఖరి బస్సు వేళయిందని వాకిట్లోకి వచ్చి, లోపల మా ఇద్దరి నోటా ఆ పేరు విని, మళ్ళీ బయటికి పోయి నిలబడ్డాడు. ఆ బస్సు పోయింది. మేము ఆ పేరు పలుకుతూనే ఉన్నాం.